ఒక మీటరు కౌంటరు, చేయి చాస్తే అందే కిటికీ

(హైదరాబాద్ చర్లపల్లిలో వ్యవసాయ మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్న ఒక మహిళ, ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు షెన్‌జెన్ గురించి మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, "మేడం, చైనా నుంచి సరుకు ఎలా తెప్పించుకోవాలో పిల్లలకి చెప్పండి" అన్నారు. చెబుతాను. కానీ సరుకు కంటే ముందు ఒక ఊరి గురించి చెప్పాలి. ఆ ఊరు తెలియకుండా సరుకు తెలియదు. నాకే అది అర్థం కావడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది.

మీలో ఎంతమందికి 'చైనా సెట్' గుర్తుంది? ఎవరికీ లేదా? సరే, ఇంటికెళ్లి మీ నాన్నగారిని అడగండి. 2007, 2008 ఆ రోజుల్లో రెండు సిమ్‌ల ఫోను, వెనకాల పెద్ద స్పీకరు. పొలం గట్టు మీద పెడితే పక్క చేలో వాళ్లకి కూడా పాట వినపడేది. కంపెనీ పేరు ఉండేది కాదు, ఉన్నా ఏదో అక్షరం తేడాతో ఉండేది. 2009 చివర్లో, సరైన ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకి ఒక్కోటిగా ఉండే గుర్తింపు నంబరు, లేని ఫోన్లకి సిగ్నల్ ఆపేయాలని మన ప్రభుత్వం చెప్పింది. అప్పుడు నంబరు వేయించుకోవడానికి జనం షాపుల చుట్టూ తిరిగారు. ఆ ఫోన్లు చాలావరకు ఒక్క ఊరి నుంచే వచ్చాయి. ఆ ఊరే షెన్‌జెన్. మన చేతుల్లోకి ఆ ఊరు వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. మనం మాత్రం దాన్ని 'చైనా మాల్' అన్న రెండు మాటలతో సరిపెట్టుకున్నాం.

మ్యాప్‌లో చూస్తే హాంకాంగ్ పక్కనే, చిన్న నది అవతల ఉంటుంది. పేరుకి అర్థం ఏమిటో తెలుసా? 'జెన్' అంటే పొలాల మధ్య పారే కాలువ. 'షెన్' అంటే లోతు. లోతైన పంట కాలువ, అంతే. మన ఊళ్లలో కాలువగట్టు, చెరువుకట్ట అని పేర్లుంటాయి చూడండి, అలాంటిదే.

దీన్ని ఒకప్పటి జాలరి పల్లె అని రాస్తుంటారు. మీరు కూడా ఎక్కడో చదివే ఉంటారు. నేనూ చాలాచోట్ల అదే చెప్పాను, తప్పు. 1911లోనే అక్కడికి రైలు వచ్చింది. షెన్‌జెన్ అప్పటికే సంత జరిగే ఊరు. చుట్టూ ఉన్న ఆ జిల్లా మొత్తంలో 1979 నాటికి మూడు లక్షలకు పైగా జనం ఉన్నారు. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం నిజంగా ఊహకి అందదు. 1980 ఆగస్టులో దాన్ని ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు. 2020 జనాభా లెక్కల్లో ఎంత తేలిందో చెప్పండి? కోటి 75 లక్షలు దాటింది. మూడు లక్షల నుంచి కోటీ డెబ్భై ఐదు లక్షలు, నలభై ఏళ్లలో. పుట్టినవాళ్లతో అంత పెరగదు కదా. వచ్చినవాళ్లతో పెరిగింది. హునాన్ నుంచి, సిచువాన్ నుంచి, హూబెయ్ నుంచి, గ్వాంగ్‌డాంగ్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలతో. మీ వయసు పిల్లలతో. అందుకే, చుట్టుపక్కల అంతా కాంటనీస్ మాట్లాడే ప్రాంతం అయినా, షెన్‌జెన్ వీధుల్లో మాండరిన్ వినపడుతుంది. ఎవరి ఇంటి భాషా పక్కవాడికి అర్థం కాదు కాబట్టి అందరూ బళ్లో నేర్చుకున్న భాషలో మాట్లాడుకుంటారు.

ఇంకో సంగతి. మొదట్లో ఆ ఊళ్లోకి చైనా వాళ్లయినా ఊరికే వెళ్లలేరు. మండలి చుట్టూ ఎనభై కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. లోపలికి వెళ్లాలంటే పర్మిట్ కావాలి. సొంత దేశంలో ఇంకో ఊరికి వెళ్లడానికి పర్మిట్! ఆ కంచె గీతని అధికారికంగా రద్దు చేసింది 2018లో. గుర్తుపెట్టుకోండి, ఈ పర్మిట్ సంగతి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు నా సంగతి. 2012లో మొదటిసారి వెళ్లాను. హాంకాంగ్‌లో దిగి, లో వు అనే సరిహద్దు స్టేషన్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ నది మీది వంతెన నడిచి దాటాను. చేతిలో మా స్టార్టర్ సర్క్యూట్ బోర్డు ఒకటి. ఆ బోర్డు నన్ను మూడు నెలలు ఏడిపించింది.

మీకు బాగా అర్థమవుతుంది కాబట్టి చెబుతాను. స్టార్టర్‌లో జీఎస్‌ఎం మాడ్యూల్, అంటే ఫోను లాగా టవర్‌తో మాట్లాడే ముక్క, ఉంటుంది. రైతు ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చే రోజులవి. బావి దగ్గరికి టార్చిలైటు పట్టుకుని వెళ్లి పాము కరిచి పోయినవాళ్లు, షాక్ కొట్టి పోయినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. అందుకే ఈ పనిలోకి దిగాను. మాడ్యూల్ టవర్‌తో మాట్లాడే క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, రెండు ఆంపియర్ల దాకా. ఆ క్షణంలో సప్లయ్ వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ రీసెట్ అయిపోతుంది. నా బోర్డులో అదే జరుగుతోంది. సిగ్నల్ బాగున్న చోట బాగానే ఉంటుంది, సిగ్నల్ తక్కువ ఉన్న ఊళ్లో చచ్చిపోతుంది. మన పొలాల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

కెపాసిటర్, అంటే ఆ క్షణానికి కావాల్సిన కరెంటు దాచి ఇచ్చే ముక్క, మార్చాలని నాకు తెలుసు. విలువ ఒకటైతే సరిపోదు, లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువగా ఉండాలి. ఇక్కడ దొరికినవి పెట్టి చూశాను, పని చేయలేదు. బయటి నుంచి తెప్పిస్తే ఒక్కో ప్రయత్నానికి మూడు వారాలు. అది పని చేయకపోతే ఇంకో మూడు వారాలు. ఒక తప్పు తెలుసుకోవడానికి మూడు వారాలు పడితే మనిషి ఎన్ని తప్పులు చేయగలడు చెప్పండి?

హువాచియాంగ్‌బే అని షెన్‌జెన్ నడిబొడ్డున ఒక వీధి. ఎనభైల్లో అక్కడ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉండేవి. 1988లో ఒక ఫ్యాక్టరీ భవనంలో విడిభాగాల మార్కెట్ తెరిచారు, సెగ్ మార్కెట్ అని. తర్వాత ఫ్యాక్టరీలు ఊరి బయటికి జరిగాయి, మార్కెట్ మాత్రం భవనం తర్వాత భవనం పాకింది. ఇప్పుడు సెగ్ ప్లాజా అంటే 72 అంతస్తుల టవర్. 2021 మే నెలలో ఊగిందని టీవీలో చూపించారే, జనం పరుగెత్తుతున్నట్టు, అదే. పైన ఉన్న యాంటెన్నా స్తంభం గాలికి ఊగడం వల్ల భవనం కదిలింది. ఆ స్తంభం తీసేసి కొన్ని నెలలకి మళ్లీ తెరిచారు.

లోపలికి వెళ్లగానే ముందు చెవులకి తెలుస్తుంది. ప్యాకింగ్ టేపు లాగే చప్పుడు. చర్ర్ర్, చర్ర్ర్. రోజంతా అదే. ట్రాలీ చక్రాల చప్పుడు. తర్వాత కంటికి కనపడతాయి కౌంటర్లు. ఒక్కోటి మీటరు వెడల్పు. 'ఒక మీటరు కౌంటర్' అని వాళ్లకి మాటే ఉంది, ఆ మీటరు గాజుపెట్టె వెనక మొదలుపెట్టి పెద్ద కంపెనీలు పెట్టినవాళ్లున్నారు. ఒక కౌంటర్లో ఎల్‌ఈడీలు మాత్రమే. పక్కదాంట్లో కనెక్టర్లు మాత్రమే. ఇంకోదాంట్లో స్క్రూలు, ఫోన్లలో వాడే చిన్న చిన్న స్క్రూలు మాత్రమే. కౌంటర్ కింద స్టూలు వేసుకుని పిల్లలు హోంవర్క్ రాసుకుంటుంటారు. భాష రాకపోతే? కాలిక్యులేటర్ ఉంది. ఆమె అంకె నొక్కి నా వైపు తిప్పుతుంది, నేను చెరిపేసి నా అంకె నొక్కి తిప్పుతాను. నాకు రెండే మాటలు వచ్చు: 'లావ్‌బాన్' అంటే ఓనరుగారూ, 'యాంగ్‌పిన్' అంటే శాంపిల్.

ఒక కెపాసిటర్ల కౌంటర్ దగ్గర నా బోర్డు పెట్టి, సమస్య ఏమిటో కాగితం మీద గీసి చూపించాను. వోల్టేజీ గీత ఇలా పడుతోంది అని. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసింది. ట్వీజర్‌తో సరిగ్గా ఆ చోటే చూపించింది. ఎవరికో ఫోన్ చేసింది. ఐదు నిమిషాల్లో ఒక కుర్రాడు పై అంతస్తు నుంచి దిగి నాలుగు రకాల ముక్కలు టేపు చుట్టల నుంచి కత్తిరించి తెచ్చాడు. పక్క వరసలో ఫోన్లు రిపేరు చేసే కౌంటర్. అక్కడ ఊడదీశాం, పెట్టాం, చూశాం. ఊడదీశాం, పెట్టాం, చూశాం. మూడోది నిలబడింది. సాయంత్రం నాలుగు గంటలకి అయిపోయింది. మూడు నెలలు! సాయంత్రం నాలుగు గంటలకి అయిపోయింది.

ఆ రాత్రి హోటల్లో బోర్డు డిజైన్ మార్చి ఫైలు పంపాను. రెండు రోజులకి కొత్త బోర్డులు చేతిలో ఉన్నాయి.

ఇక్కడికి తిరిగొచ్చాక అందరూ అడిగారు, "అక్కడ అంత చవకా?" అని. చవక మాట అటుంచండి. నాకు పనికొచ్చింది దగ్గరతనం. ముక్క అమ్మే మనిషి, ముక్క అతికించే మనిషి, బోర్డు చేసే మనిషి, డబ్బా చేసే మనిషి, లారీ ఎక్కించే మనిషి, అందరూ ఒక గంట దూరంలో ఉన్నారు. వెనక యాంటియన్‌లో పెద్ద ఓడరేవు. పక్కన డాంగ్వాన్, ఊరంతా ఫ్యాక్టరీలే. అక్కడ పదిమంది కుర్రాళ్లు ఒక ఐడియా వేసుకుని, అది తప్పని గురువారానికే తెలుసుకుని, శుక్రవారం ఇంకోటి మొదలుపెట్టగలరు. హువావే 1987లో, బీవైడీ 1995లో, టెన్సెంట్ 1998లో, డ్రోన్ల డీజేఐ 2006లో, అన్నీ ఈ ఒక్క ఊళ్లోనే పుట్టాయంటే నాకు ఆశ్చర్యం వేయదు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది నాకు బాగా బాధ కలిగించినది. 2014లో ఒక కౌంటర్ దగ్గర రిలేలు, అంటే మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు, కొన్నాను. పేరెందుకు, ఏ కౌంటరో వదిలేయండి. శాంపిల్ బాగుంది, ఒక నెల వాడి చూశాను. మూడు వేలు ఆర్డరిచ్చాను. వచ్చిన లాటులో డబ్బా అదే, ముద్ర అదే, పది ఆంపియర్లు అని రాసి ఉంది. నేను తెరిచి చూడలేదు. అది నా తప్పు. వేసవిలో మా స్టార్టర్ పెట్టుకున్న ఒక రైతు ఫోన్లో మోటారు ఆపాడు, మోటారు ఆగలేదు. రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. బోరులో నీళ్లు అయిపోయి మోటారు కాలిపోయింది. ఆలోచించండి, ఆగిందనుకుని ఆయన వైరు పట్టుకుని ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మోటారు వైండింగ్ చేయించి ఇచ్చాను. అమ్మిన ప్రతి డబ్బా వెనక్కి తెప్పించి రిలేలు మార్చాను. ఒక రిలే కోసి చూస్తే లోపలి కాంటాక్టు శాంపిల్లో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. తర్వాత వెళ్లినప్పుడు ఆ కౌంటర్లో వేరే మనిషి ఉన్నాడు. అక్కడ కౌంటర్లు చేతులు మారుతూనే ఉంటాయి. అప్పటి నుంచి ప్రతి లాటులో ఐదు ముక్కలు కోసి చూడకుండా ఒక్క బోర్డు కూడా చేయం.

రెండోది చాలా పెద్దది. ఆ రెండు రోజుల్లో బోర్డు చేసి ఇచ్చారన్నానే, వాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు?

బోర్డులు అతికించే చోట హునాన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి పరిచయమైంది. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు అన్నానికి ఇంటికి పిలిచింది. బాయ్‌షిజౌ అనే చోట. మెట్రో దిగితే ఒక వైపు పెద్ద థీమ్ పార్కు, ఈఫిల్ టవర్ నమూనా కనపడుతుంది. ఇంకో వైపు సందు. ఆ సందులోకి వెళ్లాక ఆకాశం లేదు. నిజంగా లేదు. ఇళ్లు ఎంత దగ్గరంటే, ఈ కిటికీలోంచి చేయి చాస్తే ఎదురింటి కిటికీలో చేయి అందుతుంది. వాటిని వాళ్లు 'కరచాలనం ఇళ్లు' అంటారు. మధ్యాహ్నం పన్నెండింటికి గదిలో లైటు వేసింది. మంచం, చిన్న స్టవ్వు, తీగ మీద బట్టలు. సొరకాయ లాంటి ఒక కూర, టోఫు, అన్నం పెట్టింది. నేను మాంసం తిననని గుర్తుపెట్టుకుని నా కోసం వేరే బాణలి కడిగి వండింది.

ఈ ఇళ్లు ఎలా వచ్చాయంటే, నగరం వచ్చినప్పుడు పాత ఊళ్ల రైతుల పొలాలు తీసుకున్నారు, ఇళ్ల స్థలాలు మాత్రం వాళ్లకే వదిలారు. వాళ్లు ఆ స్థలాల్లో ఆరు, ఏడు, ఎనిమిది అంతస్తులు లేపి గదులు అద్దెకిచ్చారు. మన మాదాపూర్, కొండాపూర్ పాత ఊళ్లలో హాస్టళ్లు లేచాయి చూడండి, అదే దారి, కానీ ఇంకా ఇరుకు. ఊరంతా తిరిగి చూస్తే అద్దాల టవర్లు, 2017 చివరికే మొత్తం కరెంటుతో నడిచే పదహారు వేలకు పైగా బస్సులు, చప్పుడు లేని వీధులు, రోడ్ల మధ్య కాగితం పూల తీగలు. కాగితం పూవు ఆ నగరం పూవు, తెలుసా? అదంతా నడిపే మనుషుల్లో ఎంతోమంది రాత్రికి ఇలాంటి సందుల్లోకే వెళ్లేవాళ్లు.

ఆ అమ్మాయికి కొడుకు ఉన్నాడు. ఊళ్లో, అమ్మమ్మ దగ్గర. ఎందుకు? ఇప్పుడు కంచె లేదు, పర్మిట్ లేదు. కానీ 'హుకో' ఉంది. పుట్టిన ఊరి నమోదు. అది షెన్‌జెన్‌కి మారకపోతే పిల్లవాడికి సర్కారు బళ్లో సీటు చాలా కష్టం. ఆ నగరంలో ఉండేవాళ్లలో ఎక్కువమందికి ఆ నగరం హుకో లేదు. 'వచ్చావంటే నువ్వు షెన్‌జెన్ మనిషివే' అని అక్కడ ఒక నినాదం ఉంది, గోడల మీద కనపడుతుంది. ఆ అమ్మాయి ఆ మాట నమ్మే వచ్చింది. ఏడాదికొకసారి, చైనా కొత్త సంవత్సరం పండగకి కొడుకుని చూస్తుంది. మనకి ఇది కొత్తా? జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో తాతయ్యలు, అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలు మన క్లాసుల్లో లేరా? ఇక్కడ కూర్చున్నవాళ్లలోనే ఉండొచ్చు.

షెన్‌జెన్‌లో 1980ల నుంచి ఇంకో నినాదం ఉంది: 'సమయమే డబ్బు, సామర్థ్యమే ప్రాణం'. మూడు రోజులకొక అంతస్తు వేశారని 53 అంతస్తుల భవనం గురించి నేటికీ గర్వంగా చెబుతారు, 1985లో పూర్తయింది అది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది, వారానికి ఆరు రోజులు పని అనే పద్ధతి చట్టవిరుద్ధమని 2021లో చైనా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నా బోర్డు రెండు రోజుల్లో వచ్చిందంటే, రాత్రి పదకొండుకి పనిచోటు నుంచి ఫోన్ వస్తే ఆ అమ్మాయి చెప్పులేసుకుని నడిచి వెళ్లగలిగేంత దూరంలో గది ఉంది కాబట్టి. కెపాసిటర్ దొరికిన కౌంటర్ ఎంత ముఖ్యమో, వెలుతురు లేని ఆ గది కూడా అంతే ముఖ్యం. ఆ రెండూ ఒకే గొలుసులో ముక్కలు. 2019 నుంచి బాయ్‌షిజౌ ఖాళీ చేయించి కూల్చేశారు. లక్షకు పైగా మనుషులు ఉన్న చోటు అది. టవర్లు కడుతున్నారు. ఆ అమ్మాయి మెట్రోలో గంటన్నర దూరానికి మారింది. ఆ ఇరుకు సందులు బాగున్నాయని నేను అనను. కానీ తీసేసినప్పుడు, పని దగ్గర ఉండే హక్కు ఆమెకి ఎవరిస్తారు అని అడగకుండా ఉండలేను.

ఇక ప్రయాణం సంగతులు, తొందరగా చెప్పేస్తాను. పేమెంట్ అంతా ఫోన్లోనే, కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్. అది మనకి అలవాటే. విదేశీ కార్డుల్ని వాళ్ల యాప్‌లకి జత చేసుకునే వీలు 2023 నుంచి బాగా పెరిగింది, అంతకు ముందు చాలా టెన్షన్ పడేవాళ్లం. గూగుల్, వాట్సాప్ మామూలుగా పనిచేయవు, హోటల్ అడ్రసు చైనా లిపిలో కాగితం మీద రాసి పెట్టుకోండి. శాకాహారులైతే 'వో చీ సూ' అనండి. హాంగ్ఫా గుడిలో మంచి శాకాహార భోజనం దొరుకుతుంది, నేను ప్రతిసారీ వెళ్తాను. చైనా కొత్త సంవత్సరం ముందూ వెనకా ఫ్యాక్టరీలు వారాల తరబడి మూసి ఉంటాయి, మీ ఆర్డర్లు నవంబరు లోపే పెట్టండి. లిథియం బ్యాటరీలకి విమానంలో ఆంక్షలుంటాయి, ముందే కనుక్కోండి. దిగుమతి కోడ్, బీఐఎస్ (మన భారత ప్రమాణాల సంస్థ) నియమాలు తెలియకుండా ఒక్క డబ్బా కూడా బుక్ చేయకండి.

2020 జూన్‌లో మన ప్రభుత్వం 59 యాప్‌లు ఆపినప్పుడు అందులో వీచాట్ ఉంది, వాట్సాప్ లాంటి చైనా యాప్. సరిహద్దులో, గల్వాన్‌లో అంత జరిగాక ఆ నిర్ణయం వచ్చింది. కానీ నా ఎనిమిదేళ్ల పరిచయాలన్నీ వీచాట్‌లోనే ఉన్నాయి. ఒక్క రాత్రిలో అందరూ పోయారు. కొంతమందిని ఈమెయిల్లో వెతుక్కున్నాను, కొంతమంది దొరకలేదు. నేరుగా విమానాలు కూడా ఆ ఏడాదే ఆగి, 2025 అక్టోబరు చివర్లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మళ్లీ మొదలయ్యాయి. డిసెంబర్లో ఎక్కాను. గ్వాంగ్‌జౌ నుంచి షెన్‌జెన్ రైల్లో ముప్పావు గంట కూడా లేదు.

హువాచియాంగ్‌బేలో నేరుగా ఆ కెపాసిటర్ల కౌంటర్ దగ్గరికే వెళ్లాను. అక్కడ లిప్‌స్టిక్కులు, ఫేస్ క్రీములు అమ్ముతున్నారు. ఒకటి రెండు కౌంటర్లు కాదు, ఆ వరసంతా అంతే. ఆన్‌లైన్‌లో కాంపొనెంట్లు కొనడం పెరిగాక చాలా భవనాల్లో అలా అయింది. పాత ఫోటో చూపించి అడుగుతూ పోతే ఒకాయన పై అంతస్తుకి తీసుకెళ్లాడు. ఆమె అక్కడ ఉంది. రెండు మైక్రోస్కోపులు పెట్టుకుని బోర్డులు రిపేరు చేస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. 2012 నాటి బోర్డు తీసి ముందు పెట్టాను. బోర్డుని గుర్తుపట్టింది! ట్వీజర్ తీసుకుని మళ్లీ ఆ కెపాసిటర్ మీదే పెట్టి నా వైపు చూసి నవ్వింది.

ఇదిగో ఆ బోర్డు, తెచ్చాను. బాబూ, నువ్వు అందుకుని వెనక్కి పంపు, అందరూ చూడండి. దీంతో పాటు కోసిన రిలేలు రెండు ఉన్నాయి. ఒకటి మొదటి శాంపిల్, ఒకటి ఆ చెడ్డ లాటులోది. ఏది ఏదో నేను రాయలేదు. భూతద్దం కూడా పంపుతున్నాను, కాంటాక్టులు చూసి మీరే చెప్పండి. తొందరలేదు, నేను ఇక్కడే ఉంటాను.